ఫిట్స్ ఉన్న ఇంట్లో సోయా, నువ్వులు, అవిసెలు: ఎలా తినాలి, ఎంతవరకు నమ్మాలి

హనుమకొండలో మా మెడికల్ షాపుకి ఫిట్స్ గోలీల చీటీ పట్టుకుని వచ్చేవాళ్ళలో ఈ మధ్య చాలామంది అడిగేది ఒకటే. "అన్నా, సోయాలో ఏదో ఉంటదట కదా, ఫిట్స్ నుంచి మెదడును కాపాడుతదట, ఆ క్యాప్సూల్స్ ఉన్నయా?" అని. అడగడంలో తప్పేం లేదు, ఆ మాటలో కొంత నిజం ఉంది కూడా. కానీ ఆ కొంత నిజాన్ని పట్టుకుని రోజూ వేసుకునే గోలీ ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. చివరిదాకా చదివే తీరిక లేనివాళ్ళ కోసం అసలు విషయం ముందే చెప్పేస్తా: వీటిని కూరగా, పొడిగా, లడ్డూగా హాయిగా తినండి, క్యాప్సూల్‌గా మాత్రం మింగకండి, వీటిని చూసుకుని ఫిట్స్ మందు ఒక్క పూట కూడా మానకండి.

ఇంతకీ ఇవేంటంటే, కొన్ని మొక్కల్లో ఆడవాళ్ళ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలు ఉంటాయి, వాటినే ఫైటోఈస్ట్రోజెన్లు అంటారు. సోయాలో ఉండేవి జెనిస్టీన్, డైడ్జీన్. నువ్వుల్లో, అవిసె గింజల్లో ఉండేవి లిగ్నాన్లు, ఇవి మన పేగుల్లోని బ్యాక్టీరియా చేతిలో పడ్డాకే ఈస్ట్రోజెన్ లాంటి రూపంలోకి మారతాయి. శనగల్లో కూడా కొద్దిగా ఉంటాయి. వీటికోసం మనం ఎక్కడికో పోనక్కర్లేదు. ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్ నల్లరేగళ్ళలో సోయా పండుతుంది, సంక్రాంతికి సకినాల పిండిలో నువ్వులు పడాల్సిందే, సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల పొడి కలిపిన సద్ది లేని ఇల్లు మన దగ్గర ఉండదు. అంటే నువ్వుల్లాంటివి మనం తరతరాలుగా తింటూనే ఉన్నాం.

ఎలుకల్లో తేలింది ఏంటి

ఈస్ట్రోజెన్ శరీరంలో పని చేయాలంటే కణాల్లో ఒక రిసెప్టార్‌కి అతుక్కోవాలి. ఆ రిసెప్టార్లలో ఆల్ఫా, బీటా అని రెండు రకాలు. బీటా రకం ఉందని 1996లో స్వీడన్‌లోని కరోలిన్స్కా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. సోయాలోని జెనిస్టీన్ ఆల్ఫా కంటే బీటాకే ఎన్నో రెట్లు గట్టిగా అతుక్కుంటుంది, పైగా బీటా రిసెప్టార్లు మెదడులో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో కూడా ఉన్నాయి. కొన్ని రకాల ఫిట్స్ మొదలయ్యేది ఆ హిప్పోక్యాంపస్‌లోనే, ఎక్కువ దెబ్బ తగిలేదీ దానికే కాబట్టి శాస్త్రవేత్తల చూపు ఇటు పడింది.

ఫిట్స్ చాలాసేపు ఆగకుండా వస్తే మెదడు కణాల మధ్య గ్లూటమేట్ అనే రసాయనం పొంగిపోతుంది, దాంతో కణాల్లోకి కాల్షియం అడ్డూ అదుపూ లేకుండా దూసుకొస్తుంది, లోపల శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పాడై కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి, చివరికి కణం చచ్చిపోతుంది. జెనిస్టీన్ లాంటి పదార్థాలు ఈ వరుసలో కొన్ని చోట్ల అడ్డు తగులుతున్నట్టు ఎలుకల మీద, గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. ఫ్రీ రాడికల్స్ తగ్గడం, వాపు తగ్గడం, చావు దారి పట్టిన కణాలు కొన్ని బతికి బట్టకట్టడం లాంటివి.

జాగ్రత్తగా చూడాల్సింది ఇక్కడే. ఇంటికి నిప్పంటుకోకుండా చూడటం వేరు, అంటుకున్నాక సామాను బయటికి చేరవేయడం వేరు. ఫిట్స్ రాకుండా ఆపడం, వచ్చిన ఫిట్స్ వల్ల కణాలు చావకుండా కాపాడటం అలా రెండు వేర్వేరు పనులు. "మెదడును కాపాడుతుంది" అని వార్త వస్తే అది చాలాసార్లు రెండో పని గురించే ఉంటుంది, మనం మాత్రం మొదటిది అనుకుని సంబరపడిపోతాం.

ఈస్ట్రోజెన్ కథ కూడా అంత సూటిగా లేదు. 1990లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ యూనివర్సిటీలో కేథరిన్ వూలీ, బ్రూస్ మెక్‌యూవెన్ బృందం ఆడ ఎలుకల హిప్పోక్యాంపస్‌ను పరీక్షిస్తే, ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉన్న రోజుల్లో న్యూరాన్ల కొమ్మల మీద మొలకల్లాంటి స్పైన్లు పెరిగి, తగ్గిన రోజుల్లో అవీ తగ్గుతున్నాయి. స్పైన్లు పెరిగితే కణాల మధ్య ఉద్రేకపు సంకేతాలు కూడా పెరుగుతాయి, అంటే ఫిట్స్‌కి దారి సులువవుతుంది. అదే ఈస్ట్రోజెన్ ముందుగా ఇచ్చి ఆ తర్వాత ఫిట్స్ తెప్పిస్తే కొన్ని రకాల కణాలు చావకుండా మిగిలాయని వేరే ఎలుకల ప్రయోగాలు చెబుతున్నాయి. రెండూ నిజమే. మోతాదు, ఇచ్చిన సమయం, ఎన్నాళ్ళు ఇచ్చారు, ఆ జంతువుకి అప్పటికే సొంత ఈస్ట్రోజెన్ ఉందా లేదా, వీటన్నిటిని బట్టి ఫలితం అటూ ఇటూ మారిపోతుంది. ఈస్ట్రోజెన్‌కే ఇంత తిరకాసు ఉన్నప్పుడు దాన్ని పోలిన సోయా పదార్థాలు అందరికీ, అన్ని వేళలా మంచే చేస్తాయని నేనైతే చెప్పలేను, మీకు ఎవరైనా అలా చెబితే వాళ్ళ దగ్గర అమ్మడానికి డబ్బా ఉందేమో చూసుకోండి.

వాట్సాప్‌లో వార్త వస్తే ఇలా చదవండి

మొదట చూడాల్సింది ప్రయోగం ఎవరి మీద చేశారని. మనుషుల మీదా, ఎలుకల మీదా? ఎలుకలైతే వాటికి ఫిట్స్ ఎలా తెప్పించారో చూడండి, చాలావాటిల్లో పెంటిలీన్‌టెట్రజాల్ లాంటి రసాయనం ఎక్కించి తెప్పిస్తారు. తర్వాత రేసిన్ స్కేల్ మీద తీవ్రత చూస్తారు. 1972 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ఇది: ఎలుక మూతి కదిపితే ఒకటి, తల ఆడిస్తే రెండు, ముందు కాళ్ళు కొట్టుకుంటే మూడు, వెనక కాళ్ళ మీద లేస్తే నాలుగు, లేచి పడిపోతే ఐదు. పుట్టినప్పటి నుంచో, తలకు దెబ్బ తగిలో, మెదడులో పురుగు గడ్డ వల్లో ఏళ్ళ తరబడి ఫిట్స్ పడుతున్న మనిషి, ఆ పూట రసాయనం ఎక్కించిన ఎలుక ఒకటి కాదు కదా.

మోతాదు కూడా చూడాలి. జంతువుకి కిలో బరువుకి ఇన్ని మిల్లీగ్రాములు అని రాస్తారు, దాన్ని ఉన్నదున్నట్టు మనిషి బరువుతో గుణించకూడదు. చిట్టెలుక మోతాదైతే 12.3తో, పెద్ద ఎలుక మోతాదైతే 6.2తో భాగించాలి, మందుల పరిశోధనలో వాడే లెక్క ఇది. ఉదాహరణకి చిట్టెలుకకు కిలోకి 10 మిల్లీగ్రాములు ఇచ్చారనుకోండి, 60 కిలోల మనిషికి అది దాదాపు 49 మిల్లీగ్రాములవుతుంది. చూడ్డానికి ఇది సోయా బాగా తినేవాళ్ళకు తిండిలోనే అందేంత మోతాదు. కానీ ఎలుకకు చాలాసార్లు శుద్ధి చేసిన పదార్థాన్ని సూదితో పొట్టలోకి ఎక్కిస్తారు. మనం కూరలో తింటే పేగులు, కాలేయం కలిసి అందులో ఎక్కువ భాగాన్ని వేరే రూపంలోకి మార్చేస్తాయి, అసలు రూపంలో రక్తంలోకి చేరేది కొంచెమే, అందులోనూ మెదడు గడప దాటేది ఇంకా తక్కువ.

నన్ను బాగా ఆలోచింపజేసింది ఇంకొకటుంది. సోయాలోని డైడ్జీన్‌ను పేగుల్లోని బ్యాక్టీరియా ఈక్వాల్ అనే ఇంకా బలమైన పదార్థంగా మారుస్తుంది. ఎలుకలు దాదాపు అన్నీ ఈ పని చేస్తాయి. మనుషుల్లో మాత్రం సుమారు మూడో వంతు నుంచి సగం మందికే ఆ బ్యాక్టీరియా ఉంటుంది. అంటే ఒకే కంచంలో తిన్న ఇద్దరు అక్కచెల్లెళ్ళలో ఒకరి ఒంట్లో ఈక్వాల్ తయారవ్వొచ్చు, ఇంకొకరి ఒంట్లో అసలు కాకపోవచ్చు.

ఇంకోవైపు ఫలితాలు కూడా చదవండి. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో కారా వెస్ట్‌మార్క్ బృందం 2014లో ఆటిజం ఉన్న పిల్లల వివరాలు తిరగేస్తే, పసితనంలో సోయా పాలపొడి తాగినవాళ్ళలో జ్వరంతో వచ్చే ఫిట్స్ మిగతావాళ్ళ కంటే 2.6 రెట్లు ఎక్కువగా కనిపించాయి. పాత వివరాల మీద చేసిన పరిశీలన కాబట్టి సోయానే కారణమని దీంతో రుజువైపోలేదు. కానీ అంతకుముందు 2013లో ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు సమస్య ఉన్న చిట్టెలుకల్లో కూడా సోయా మేతతో ఫిట్స్ ఎక్కువయ్యాయని ఇదే బృందం చూపించింది. అందుకే ఫిట్స్ వచ్చే పసిపిల్లలకు డాక్టర్ చెప్పకుండా సోయా పాలపొడి పట్టొద్దని షాపులో నేను గట్టిగానే చెబుతా.

వంటింట్లో

ఇక తినే సంగతి. పెద్దవాళ్ళు మామూలు తిండిగా తింటే వీటితో భయపడాల్సిందేమీ లేదు, ప్రొటీన్ దొరుకుతుంది, పీచు దొరుకుతుంది, మిగతా మేలు ఎంత జరిగితే అంత.

సోయా గింజలు పచ్చివి తినకూడదు, ప్రొటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థం వాటిలో ఉంటుంది. రాత్రి నానబెట్టి, పొద్దున ఆ నీళ్ళు పారబోసి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించాలి. గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే పప్పులా నలగాలి, లోపల కరకరమంటే ఇంకో రెండు విజిల్స్ పెట్టండి. ఇడ్లీ పిండిలో మినప్పప్పుతో పాటు ఓ గుప్పెడు వేసి రుబ్బినా బాగుంటుంది, పులిసినప్పుడు ఈ పదార్థాలకు అతుక్కుని ఉన్న చక్కెర విడిపోతుంది కాబట్టి ఒంటికి తేలిగ్గా పడతాయి. మీల్ మేకర్ అయితే వేడి నీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి, మళ్ళీ చల్లటి నీళ్ళలో కడిగి పిండితే ఆ వాసన పోతుంది. వారానికి రెండు మూడు సార్లు కూర వండుకోండి, చాలు. సోయా నూనె వాడుతున్నాం కదా అనుకునేవాళ్ళు ఉన్నారు, రిఫైన్డ్ నూనెలో ఈ పదార్థాలు ఉండవు, అవన్నీ పిండిలోనే మిగిలిపోతాయి.

అవిసెలు గింజల్లాగే మింగితే అలాగే బయటికి పోతాయి, పొడి చేయాల్సిందే. మందపాటి మూకుడులో సన్నటి మంట మీద చిటపటమనే దాకా వేయించి, చల్లారాక ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు వేసి కారం పొడిలా పట్టుకోండి. ఒకేసారి నెల మొత్తానికి చేసి పెట్టకండి, అవిసె పొడి తొందరగా ముక్క వాసన వస్తుంది, వారానికి సరిపడా చేసి గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వేడి అన్నంలో ఒక చెంచా కలుపుకుంటే చాలు. నువ్వుల సంగతి మన ఇళ్ళలో ఎవరికీ చెప్పక్కర్లేదు, కాకపోతే అవి కూడా నూరి తింటేనే బాగా ఒంటబడతాయి. నువ్వులు పడనివాళ్ళు ఉంటారు, దద్దుర్లు, పెదాల వాపు వస్తే వెంటనే ఆపేయాలి.

గోలీకి, తిండికి మధ్య ఎడం

నా మటుకు నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే విషయం ఇదే. ఫిట్స్‌కి మన దగ్గర ఎక్కువగా రాసే మందుల్లో సోడియం వాల్‌ప్రోయేట్ ఒకటి. సోయా తినిపించిన ఎలుకల రక్తంలో వాల్‌ప్రోయేట్ మోతాదు బాగా పడిపోయిందని 2014లో ఒక అధ్యయనం వచ్చింది. మనుషుల్లో అంత జరుగుతుందని దీన్నిబట్టి చెప్పేయలేం, కానీ రక్తంలో మందు కొద్దిగా తగ్గినా ఫిట్స్ వచ్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు ఈ మాట చెవిన పడాలి. కాబట్టి ఇన్నాళ్ళూ సోయా తిననివాళ్ళు ఒక్కసారిగా పొద్దున సోయా పాలు, మధ్యాహ్నం మీల్ మేకర్, రాత్రి సోయా పిండి రొట్టె అని మొదలుపెట్టొద్దు. కొద్దికొద్దిగా, రోజూ దాదాపు ఒకే మోతాదులో తినండి. గోలీని సోయా పాలతో మింగకండి, మామూలు నీళ్ళతో వేసుకుని, సోయాకైనా అవిసె పొడికైనా దానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి. తిన్నది మార్చాక ఫిట్స్ పెరిగినట్టు అనిపిస్తే డాక్టర్‌కి చెప్పండి, రక్తంలో మందు ఎంత ఉందో పరీక్ష చేయిస్తారు. థైరాయిడ్ గోలీ వేసుకునేవాళ్ళకు కూడా ఎడం కావాలి, సోయా ఆ మందును ఒంట్లోకి సరిగ్గా ఇంకనివ్వదు, ఎంత ఎడం అనేది డాక్టర్‌ని అడగండి.

ఆడవాళ్ళు క్యాలెండర్ పెట్టుకోండి

ఈ హార్మోన్ల గొడవంతా మీకు నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. కొందరికి ఫిట్స్ నెలసరి చుట్టూనే వస్తాయి. ఈస్ట్రోజెన్ మెదడును కాస్త రెచ్చగొడితే ప్రొజెస్టిరాన్ శాంతింపజేస్తుంది, దాని నుంచి పుట్టే అలోప్రెగ్నెనలోన్ అనే పదార్థం మెదడులో నెమ్మదింపజేసే గాబా వ్యవస్థకు బలమిస్తుంది. నెలసరికి ముందు ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి ఆ రోజుల్లో ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అమెరికా న్యూరాలజిస్ట్ ఆండ్రూ హెర్జోగ్ 1997లో వీటిని మూడు రకాలుగా విడదీశారు: నెలసరి చుట్టూ వచ్చేవి, అండం విడుదలయ్యే రోజుల్లో వచ్చేవి, అండం సరిగా విడుదల కాని నెలల్లో రెండో సగమంతా వచ్చేవి.

చేయాల్సిన పని చాలా చిన్నది. కిరాణా షాపులో ఇచ్చే గోడ క్యాలెండర్ చాలు. నెలసరి మొదటి రోజున ఎర్ర పెన్నుతో ఒకటి అని రాయండి, అక్కడి నుంచి రోజులు లెక్క. ఫిట్ వచ్చిన రోజు గుండ్రంగా చుట్టి, పక్కనే టైమ్, ఎంతసేపు ఉంది, నిద్రలోనా మెలకువలోనా రాయండి. గోలీ మర్చిపోతే గుణకారం గుర్తు వేయండి. రాత్రి నిద్ర చెడితే "ని" అని చిన్నగా రాయండి. మూడు నెలలు ఇలా రాశాక చూస్తే, నెలసరికి ముందు మూడు రోజులు, నెలసరి మొదలైన మూడు రోజుల్లోనే చుట్టలన్నీ గుంపుగా పడ్డాయా అనేది మీకే కనబడుతుంది. అలా ఉంటే డాక్టర్ ఆ రోజులకు మాత్రమే అదనంగా ఒక గోలీ రాయొచ్చు, లేదా ఉన్న మందు మోతాదు మార్చొచ్చు. ఏ క్యాప్సూల్ చేయలేని పని ఈ క్యాలెండర్ చేస్తుంది. పెళ్ళికాని ఆడపిల్లల విషయంలో ఇది గోడ మీద రాయడానికి కొన్ని ఇళ్ళలో వెనకాడతారు, ఆ పిల్ల ఫోన్‌లోనో నోట్‌బుక్‌లోనో రాసుకోనివ్వండి, దాచాల్సినంత తప్పేమీ కాదిది.

పిల్లలు పుట్టకుండా వేసుకునే గోలీల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కార్బమజెపైన్, ఫినైటోయిన్ లాంటి ఫిట్స్ మందులు వాటి పనిని దెబ్బతీస్తాయి. ఈస్ట్రోజెన్ ఉన్న గోలీలు లామోట్రిజిన్ అనే ఫిట్స్ మందును రక్తంలో సగం దాకా తగ్గించేస్తాయి. గర్భం దాల్చాలనుకునేవాళ్ళు వాల్‌ప్రోయేట్ మీద ఉంటే ముందే డాక్టర్‌ను కలవాలి, కడుపులో బిడ్డకు అది ప్రమాదం, అలాగని సొంతంగా ఆపేయడం తల్లికి ప్రమాదం.

ఫిట్స్ నిజంగా దేనివల్ల పెరుగుతాయంటే

షాపులో నేను చూసిన మేరకు మళ్ళీ ఫిట్స్ వచ్చిందని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది గోలీ తప్పినవాళ్ళే. బతుకమ్మ తొమ్మిది రోజులూ రాత్రి పొద్దుపోయేదాకా ఆడి, ఒక్కపొద్దులుండి, పుట్టింట్లో గోలీలు మర్చిపోవడం, మేడారం జాతరకు పోయి ట్రాఫిక్‌లో రెండు రోజులు ఎక్కువ ఉండిపోవడం. జాతరకు పోయేటప్పుడు అనుకున్న రోజులకు రెట్టింపు గోలీలు రెండు చోట్ల సర్దుకోండి, ఒకటి మీ సంచిలో, ఇంకోటి తోడున్నవాళ్ళ దగ్గర. జంపన్నవాగులో ఫిట్స్ ఉన్నవాళ్ళు ఒంటరిగా దిగొద్దు, చెయ్యి పట్టుకుని ఒకరుండాలి. పొలం బావుల దగ్గర కూడా అంతే.

ఫిట్ వచ్చినప్పుడు తాళాల గుత్తి చేతిలో పెట్టకండి, ఉల్లిగడ్డ వాసన చూపించకండి, నోట్లో చెంచా పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిదేదైనా పెట్టి, టైమ్ చూడండి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది వచ్చినా 108కి ఫోన్ చేయండి. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టర్ రాసిస్తారు, అది ఇంట్లో ఉంటే ఎలా కొట్టాలో ముందే నేర్చుకుని పెట్టుకోండి.

తిండితోనే ఫిట్స్ తగ్గించే దారి ఉందా అంటే ఉంది, అది కీటోజెనిక్ డైట్. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మొదలైంది, మందులకు లొంగని పిల్లల్లో ఇప్పటికీ వాడుతున్నారు. అది కూడా డాక్టర్, డైటీషియన్ ఇద్దరూ దగ్గరుండి చేయించాల్సిందే, యూట్యూబ్ చూసి ఇంట్లో చేసేది కాదు.

క్యాప్సూల్స్ ఇప్పటికే కొని వాడుతున్నవాళ్ళు, శతావరి, అతిమధురం లాంటివి కలిపిన ఆడవాళ్ళ టానిక్‌లు తాగుతున్నవాళ్ళు, రొమ్ము క్యాన్సర్‌కి టామోక్సిఫెన్ వేసుకుంటున్నవాళ్ళు ఈ విషయం డాక్టర్ దగ్గర దాచకండి. వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంకి పోయినా, ప్రైవేట్‌కి పోయినా ఆ డబ్బాను సంచిలో వేసుకుని పొండి, పేరు చెబితే సరిపోదు, లేబుల్ మీద ఏమేం ఎంతెంత కలిపారో డాక్టర్ కళ్ళతో చూడాలి. దాంతోపాటు ఆ మూడు నెలల క్యాలెండర్ కాగితాలు, వాడుతున్న గోలీల స్ట్రిప్పులు, ఫిట్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే అదీ చూపించండి. లోపలికి వెళ్ళగానే "సోయా తినొచ్చా" అని కాకుండా, "నేను రోజూ ఇంత తింటున్నా, నా గోలీ ఇది, మోతాదు చూడాలా?" అని అడగండి.